శిలలకు శిష్యులను తెచ్చిన ఆచార్య బీర్బల్ సాహ్నీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. తోటి సభ్యులు చాలామంది దేశనాయకులను, కవులను ఎంచుకుంటారని తెలుసు. అందుచేత నేను ఒక శాస్త్రవేత్తను ఎంచుకున్నాను. ఆయన బీర్బల్ సాహ్నీగారు. అక్బరు కొలువులోని బీర్బలు కాదు సుమండీ! పాతరాతి యుగం కన్నా ఎంతో ముందు, మనిషనేవాడే లేని కాలంలో రాయిగా మారిపోయిన చెట్లను చదివిన వృక్షశాస్త్ర ఆచార్యుడు. 1949లో కన్నుమూశారు. పోటీ పరీక్షలకు చదివే మన మనవల జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో, లక్నోలోని సంస్థ పేరుతో కలిపి ఒక ముక్కలో కనిపిస్తారు.

ఈయననే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. సర్వీసులో కొన్నేళ్ళు నేను కళాశాలల వార్షిక స్టేట్‌మెంట్లు తయారుచేసే సెక్షనులో గుమాస్తాగా పనిచేశాను. ఏ గ్రూపులో ఎన్ని సీట్లు, ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు, ఇదీ మా పని. భూగర్భశాస్త్రం ఉన్న గ్రూపుల వరుస వచ్చేసరికి కలం త్వరగా నడిచేది, రాయడానికి అంకెలు పెద్దగా ఉండేవి కావు కనుక. చేరినవారు మరీ తక్కువైతే ఆ గ్రూపు కొనసాగించాలా వద్దా అని నోటు పెట్టడం ఆనవాయితీ. ఆ నోటులో తప్పకుండా ఒక మాట ఉండేది, విద్యార్థులకు ఆసక్తి లేదని. నా చేతితోనే అది ఎన్నోసార్లు రాశాను. అది కార్యాలయ భాష. పై అధికారి సంతకానికి అవసరమైన భాష.

ఇక శిలాజ శాస్త్రం సంగతి మరీ విచిత్రం. దానికి ఆ స్టేట్‌మెంటులో సొంత వరుసే లేదు. మన విశ్వవిద్యాలయాలలో అది సాధారణంగా భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీలో ఒక పేపరుగానో, వృక్షశాస్త్రంలో ఒక భాగంగానో ఉంటుంది. కనుక ఆ విద్యకు ఎందరు వస్తున్నారో, ఎందరు తగ్గిపోతున్నారో లెక్క కట్టే గుమాస్తా కూడా ఉండడు. వరుసే లేని ఆ విద్యకు మొదట వరుస గీసినవారు సాహ్నీగారు. రిటైరయ్యాక ఆయన జీవితం చదివినప్పుడు, నేను అన్నిసార్లు రాసిన ఆ నోటుకు ఎవరో ఎప్పుడో జవాబు రాసి పెట్టినట్టు అనిపించింది.

సాహ్నీగారు 1891 నవంబరు 14న పశ్చిమ పంజాబులోని భేరా అనే ఊరిలో పుట్టారు. ఇప్పుడది పాకిస్తానులో ఉంది. నెహ్రూగారు పుట్టింది కూడా నవంబరు 14నే, రెండేళ్ళు ముందు. ఈ ఇద్దరి కథ చివరలో కలుస్తుంది కనుక తేదీ గుర్తుంచుకోండి. తండ్రి లాలా రుచిరామ్ సాహ్నీ లాహోరు గవర్నమెంటు కాలేజీలో రసాయనశాస్త్రం బోధించేవారు. కుటుంబం చితికిపోయిన రోజుల్లో పుస్తకాల మూట వీపున వేసుకుని కాలినడకన దూరాలు పోయి చదువుకున్న మనిషి. యాభై ఏళ్ళు దాటాక 1914లో ఇంగ్లండు వెళ్ళి, మాంచెస్టరులో రూథర్‌ఫర్డు ప్రయోగశాలలో పనిచేసి వచ్చారంటే ఆయన ఎటువంటివారో ఊహించుకోవచ్చు. తల్లి ఈశ్వర్ దేవి. భేరాకు దగ్గరలోనే ఉప్పు కొండల శ్రేణి ఉంది. భూమి పొరలు పుస్తకం పుటల్లా తెరిచిపెట్టి ఉన్న చోటు అది. సెలవులకు ఊరు వెళ్ళిన పిల్లవాడికి ఆటస్థలమూ అదే, బడీ అదే.

లాహోరు గవర్నమెంటు కాలేజీలో ఆయనకు శివరామ్ కశ్యప్ అనే మంచి గురువు దొరికారు. నాచు మొక్కల మీద గొప్ప పండితుడు, హిమాలయాలలో కాలినడకన తిరిగి మొక్కలు సేకరించేవారు. శిష్యుడికీ ఆ నడక అలవాటైంది. 1911లో డిగ్రీ పూర్తయ్యాక ఇంట్లో పెద్ద చర్చ. తండ్రికి కొడుకు ఐ.సి.ఎస్. కావాలని ఉంది. ఆ రోజుల్లో ఐ.సి.ఎస్. అంటే ఏమిటో మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. కలెక్టరు, జిల్లాకు రాజు. కొడుకు ఎదురు చెప్పలేదు. అది ఆజ్ఞ అయితే వెళతాననీ, తన ఇష్టానికి వదిలిపెడితే మాత్రం వృక్షశాస్త్రమే చదువుతాననీ విన్నవించుకున్నాడు. తండ్రి ఆజ్ఞ చేయలేదు.

ఇక్కడ ఒక ఇంటి మాట. మా పెద్ద మనవరాలు డిగ్రీ అయ్యాక భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తానన్నప్పుడు మా ఇంట్లోనూ ఇటువంటి సభే జరిగింది. మా అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న, అది చదివితే ఉద్యోగం ఏమొస్తుందని. ఆ ప్రశ్న తప్పని నేననను. నెల జీతం మీద ముప్ఫై ఆరేళ్ళు బతికిన వాణ్ణి. కాకపోతే రుచిరామ్‌గారి సంగతి వాడికి చెప్పాను. అమ్మాయి చేరింది, ఇప్పుడు రెండో సంవత్సరం. ప్రభుత్వంలో భూగర్భశాస్త్రజ్ఞుల ఉద్యోగాలకు యు.పి.ఎస్.సి. పెట్టే పరీక్ష కోసమే తన తరగతిలో చాలామంది చేరారట. ఆ పరీక్షలో శిలాజాల మీద ప్రశ్నలుంటాయి కాబట్టి ఆ పేపరు అందరూ శ్రద్ధగా చదువుతారట. ఈ చిన్న ముక్కలో చాలా విషయం ఉంది, తర్వాత చెబుతాను.

సాహ్నీ కేంబ్రిడ్జిలోని ఇమ్మాన్యుయేల్ కాలేజీలో చేరారు. 1914లో పట్టా పుచ్చుకుని, ఆ కాలంలో శిలాజ వృక్షాల విద్యకు పెద్దదిక్కుగా ఉన్న ఆచార్య సీవార్డు దగ్గర పరిశోధనకు కుదిరారు. విద్యార్థిగా ఉన్నప్పుడే లాసన్ అనే ఆయన రాసిన వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాన్ని భారతదేశపు మొక్కల ఉదాహరణలతో సవరించి ఇచ్చారు. మన కాలేజీ పిల్లలు చాలాకాలం ఆ పుస్తకం చదువుకున్నారు. ఇంగ్లండు మొక్కల పేర్లు బట్టీపట్టే బదులు తమ పెరటి మొక్కను కోసి చూసే వీలు వారికి దక్కింది. మన గోండ్వానా రాళ్ళలోని మొక్కల శిలాజాలను గురువుగారితో కలిసి మళ్ళీ పరిశీలించగా, ఆ గ్రంథం 1920లో వెలువడింది. గోండ్వానా అంటే ఎక్కడో అనుకోకండి. మన సింగరేణి బొగ్గు ఉన్నది ఆ పొరలలోనే. ఆ బొగ్గుకు పైనా కిందా ఉన్న రాళ్ళలో నాలుకలా పొడుగాటి ఆకుల ముద్రలు దొరుకుతాయి, గ్లోసాప్టెరిస్ అంటారు. మన ఇళ్ళకు కరెంటు ఇచ్చిన బొగ్గు ఆనాటి చెట్లదే.

1919లో లండన్ విశ్వవిద్యాలయం డి.ఎస్సీ. పట్టాతో స్వదేశం వచ్చారు. బెనారసులో ఒక ఏడాది, లాహోరులో ఒక ఏడాది పనిచేసి, 1921లో కొత్తగా మొదలైన లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగానికి మొదటి ఆచార్యులయ్యారు. 1920లో సావిత్రిగారితో వివాహమైంది. ఆవిడ తండ్రి సుందర్ దాస్ సూరి పంజాబులో పాఠశాలల ఇన్స్పెక్టరు. పిల్లలు లేరు. కొండల మీదకు, క్వారీల లోకి, విదేశాలకు కూడా ఆవిడ వెంట వెళ్ళేవారు.

లక్నోలో అప్పటికి ఏముంది? విభాగం కొత్తది. శిలాజ వృక్షాల పాఠం లేదు, పాఠం చెప్పేవారు లేరు, చదివితే ఇచ్చే ఉద్యోగం లేదు. నా పాత భాషలో చెప్పాలంటే సీట్లూ సున్నా, చేరినవారూ సున్నా. ఆసక్తి లేదని రాసి ఫైలు మూసేయదగిన కేసే. సాహ్నీగారు చేసిన పని ఏమిటంటే, ముందు ఆధునిక వృక్షశాస్త్రం చదివే పిల్లలకు తానే పాఠాలు చెప్పడం, వారిలో చురుకైనవారి చేతికి ఒక రాయి ఇవ్వడం. రాయి చేతికిస్తే సరిపోదు, చదవడం నేర్పాలి. చెట్టు రాయిగా మారిన ముక్కను రంపంతో కోసి, గరుకు పొడితో అరగదీసి, వెలుతురు దూరేటంత పలచన చేసి, సూక్ష్మదర్శిని కింద పెడితే కోట్ల ఏళ్ళ కిందటి కణాలు, నాళాలు కనిపిస్తాయి. ఓపిక కావలసిన పని. వారాల తరబడి అరగదీసిన ముక్క ఒక్క నిమిషంలో పగిలిపోవచ్చు. అటువంటి పనికి పిల్లలను నిలబెట్టాలంటే గురువు కూడా పక్కన నిలబడాలి.

ఆయన సొంత పరిశోధన గురించి వివరంగా రాసే అర్హత నాకు లేదు. బీహారులోని రాజమహల్ కొండల (ఇప్పుడవి జార్ఖండులో ఉన్నాయి) శిలాజాల మీద ఆయన పని ప్రసిద్ధం. 1932లో విడివిడిగా దొరికిన కాండం, ఆకులు, పువ్వు ముక్కలను పోల్చి ఒక అంతరించిన మొక్క పూర్తి రూపాన్ని తిరిగి నిలబెట్టారు. దానికి గురువు సీవార్డు పేరు పెట్టారు. 1948లో అదే కొండల నుంచి పెంటాక్సిలీ అనే ఒక కొత్త వర్గం మొక్కలను లోకానికి పరిచయం చేశారు. 1929లో కేంబ్రిడ్జి ఎస్సీ.డి., 1936లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చాయి.

మన తెలుగువారికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. 1940లో మద్రాసులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసుకు ఆయన అధ్యక్షులు. అధ్యక్షోపన్యాసానికి తీసుకున్న విషయం దక్కను లావా పొరల వయస్సు. దక్కను నల్లరాతి పొరల మధ్య అక్కడక్కడ చెరువు మట్టి, సున్నపురాయి పొరలు చిక్కుకుని ఉంటాయి. లావా ఒకసారి ప్రవహించి చల్లారాక, మళ్ళీ ప్రవహించే లోపల ఏర్పడినవన్నమాట. అటువంటివి మన రాజమండ్రి దగ్గర గోదావరికి ఇటూ అటూ ఉన్నాయి. అక్కడి సున్నపురాయిలో 1930లలో శ్రీపాదరావు, నారాయణరావు అనే పరిశోధకులు నీటినాచు జాతి మొక్కల అతి చిన్న శిలాజాలను గుర్తించారు. అటువంటి సాక్ష్యాలను బట్టి, ఈ లావా రాక్షసబల్లుల యుగం ముగిసిన తర్వాతిదని సాహ్నీ వాదించారు. అప్పటిదాకా అంతకన్నా పాతదనే అభిప్రాయం బలంగా ఉండేది. ఈనాటి లెక్కల ప్రకారం ఆ లావా సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందటిది, సరిగ్గా ఆ రెండు యుగాల సరిహద్దుకు ఇటూ అటూ పరుచుకుని ఉంది. కనుక వాదనలో ఉభయపక్షాలకూ కొంత దక్కిందనుకోవచ్చు.

మరో వాదంలో మాత్రం ఆయన పూర్తిగా ఓడిపోయారు. తన చిన్ననాటి ఉప్పు కొండలలోని ఉప్పు పొరల్లో సూక్ష్మశిలాజాలు దొరికాయని, అందుచేత అవి చాలా ఇటీవలి కాలానివని 1940లలో పట్టుగా వాదించారు. భూగర్భ సర్వేలో ఆ కొండలను ఏళ్ళ తరబడి కొలిచిన వారు ఒప్పుకోలేదు. ఆ పొరలు ఎంతో పాతవి, కేంబ్రియన్ కాలం నాటివీ, అంతకు ముందువీ అని తర్వాత తేలింది. కానీ ఆ వాదం కోసం ఆయన విద్యార్థులు ఉప్పునూ మట్టినీ కరిగించి, వడగట్టి, కంటికి కనపడని పుప్పొడి రేణువులను, మొక్కల తునకలను వెదకడం నేర్చుకున్నారు. ఆ చేతిపనికే తర్వాత గిరాకీ వచ్చింది.

రాళ్ళే కాదు, నాణేలు కూడా. 1936లో రోహ్‌తక్ దగ్గర ఖోక్రాకోట్ దిబ్బ మీద ఆయనకు పాతకాలపు మట్టి అచ్చులు దొరికాయి. యౌధేయుల నాణేలను పోతపోసిన అచ్చులవి. వాటిని బట్టి ప్రాచీన భారతంలో నాణేలు ఎలా పోతపోసేవారో 1945లో ఒక గ్రంథమే రాశారు. నాణేల పరిశోధకుల సంఘం పతకం ఇచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1939లో ఆయన దేశంలో ఈ విద్యలో ఉన్నవారందరినీ ఒక కమిటీగా కూర్చి, ఏటా ఎవరు ఏమి చేశారో ఒక నివేదిక అచ్చువేయించడం మొదలుపెట్టారు. గుమాస్తాగా ఈ పని విలువ నాకు తెలుసు. కాగితం మీద పేరు లేని విద్యకు బడ్జెట్టు రాదు. 1943లో లక్నోలో భూగర్భశాస్త్ర విభాగం తెరిపించి, వృక్షశాస్త్రంతోపాటు దాని బాధ్యత కూడా తానే మోశారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం వచ్చింది కూడా 1941 ప్రాంతంలోనే, ఆచార్య మహాదేవన్‌గారి చేతుల మీదుగా. లక్నోలో ఆ విభాగం రావడంతో రాయి తెలిసిన పిల్లలూ మొక్క తెలిసిన పిల్లలూ ఒకే గురువు దగ్గర కూర్చునే వీలు కలిగింది.

అయినా ఎమ్మెస్సీ అయ్యాక పిల్లలు ఎక్కడికి పోవాలి? విశ్వవిద్యాలయంలో ఉన్న ఖాళీలు ఎన్ని? శిష్యులు మంచివారే, కానీ వారికి పెళ్ళిళ్ళు కావాలి, ఇళ్ళు గడవాలి. పరిశోధనకే జీతం ఇచ్చే చోటు ఒకటి ఉంటే తప్ప ఈ విద్య నిలవదని సాహ్నీగారు గ్రహించారు. 1946 మే 19న ఎనిమిదిమంది కలిసి పురావృక్షశాస్త్ర సంఘం పత్రం మీద సంతకాలు చేశారు. సాహ్నీ, మిగిలినవారు శిష్యులూ సహచరులూ. పాతికేళ్ళ బోధన తర్వాత సంతకాలకు దొరికినవారు ఎనిమిదిమంది! మా సెక్షనులో అయితే ఆ అంకె చూసి గ్రూపు ఎత్తేయమని రాసేవాళ్ళం. ఆయన ఆ అంకె మీద ఒక సంస్థ కట్టారు. జూన్ 3న భార్యాభర్తలిద్దరూ తమ సొమ్మును, ఆస్తిని, సొంత గ్రంథాలయాన్ని, జీవితమంతా ఏరిన శిలాజాలను ట్రస్టుకు రాసిచ్చేశారు. సెప్టెంబరులో సంస్థ విశ్వవిద్యాలయం గదుల్లోనే మొదలైంది. 1948లో సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం ఇచ్చిన బంగళాకు మారింది.

ఈ మధ్యలోనే మౌలానా ఆజాద్ ఆయనను కేంద్ర విద్యాశాఖ కార్యదర్శి పదవికి పిలిచారు. వెళ్ళలేదు. మన సభ్యులలో సచివాలయంలో చేసినవారున్నారు, కార్యదర్శి పదవి అంటే ఏమిటో వారికి తెలుసు. కుర్రతనంలో ఐ.సి.ఎస్. వద్దన్న మనిషి యాభై అయిదు దాటాక కార్యదర్శి పదవినీ వద్దన్నారు.

1949 ఏప్రిల్ 3న ప్రధాని నెహ్రూ సంస్థ కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ శంకుస్థాపన ఫలకం మామూలు చలువరాయి కాదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు యుగాల శిలాజాలను పొదిగి సాహ్నీగారే తయారుచేయించారు. ఆ తర్వాత సరిగ్గా వారానికి, ఏప్రిల్ 10న, గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. వయస్సు 57. మన లెక్కలో ఇంకా సర్వీసులో ఉండవలసిన ఈడు. సంస్థను పెంచమని సావిత్రిగారికి అప్పగించి పోయారంటారు. మరుసటి ఏడాది స్టాక్‌హోంలో జరగవలసిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభకు ఆయనను గౌరవాధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆ కుర్చీ ఖాళీగా మిగిలింది.

సావిత్రిగారి గురించి రెండు ముక్కలైనా రాయకపోతే అన్యాయం. ఆవిడ శాస్త్రవేత్త కాదు. అయినా భర్త పోయిన నాటి నుంచి సంఘం అధ్యక్షురాలిగా ఉండి, ఢిల్లీ కార్యాలయాల చుట్టూ తిరిగి, నిధులు తెచ్చి, యునెస్కో సహాయంతో విదేశీ నిపుణులను రప్పించి భవనం పూర్తి చేయించారు. 1953 జనవరి 2న నెహ్రూగారే వచ్చి ప్రారంభించారు. 1969లో పద్మశ్రీ ఇచ్చారు. 1985లో ఆవిడ పోయేనాటికి సంస్థ కేంద్ర సైన్సు, టెక్నాలజీ శాఖ కింద నిలదొక్కుకుని ఉంది.

విద్యార్థుల మాటకొస్తే, సాహ్నీగారు పోయిన ఏడేళ్ళకు, 1956లో ఓ.ఎన్.జి.సి. వచ్చింది. భూమిలోకి తవ్విన గొట్టంలో పైకొచ్చిన రాతి పొడి ఏ కాలానిదో చెప్పగలిగేది దానిలోని సూక్ష్మశిలాజాలే. బొగ్గు పొరలను ఒక గనికీ మరో గనికీ సరిపోల్చడానికి పుప్పొడి రేణువులే ఆధారం. మన కృష్ణా గోదావరి డెల్టాలో చమురు బావులు తవ్వినప్పుడు కూడా ఆ పరీక్షలే చేశారు. ఉద్యోగాలు వచ్చాయి, పిల్లలు వచ్చారు. ఉప్పును కరిగించి రేణువులు వెదికిన చేతులే ఆ పిల్లలకు పాఠం చెప్పాయి. తర్వాత 1990ల నుంచి మన ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి, కంప్యూటరు వచ్చింది, మా స్టేట్‌మెంటులో ఆ వరుస మళ్ళీ సన్నబడింది. ఖాళీ అయిన మేష్టార్ల పోస్టులు భర్తీ కాకపోతే పేపరు చెప్పేవారుండరు, పేపరు లేకపోతే చేరేవారుండరు. ఇందులో ఏది ముందు, ఏది వెనుక అన్నది మా నోటులో ఎవరూ అడిగేవారు కాదు. సాహ్నీగారి దారి చూస్తే, మేష్టారు ముందు, సీటు తర్వాత, జీతం ఆ తర్వాత, ఆసక్తి వీటన్నిటి వెనకాల నడిచి వచ్చింది. మా మనవరాలి తరగతి కూడా ఒక పరీక్ష మీద, దాని వెనకాల ఉన్న ఉద్యోగాల మీద నిలబడి ఉన్నదే.

ఆ సంస్థ పేరు ఇప్పుడు బీర్బల్ సాహ్నీ పురాశాస్త్రాల సంస్థ. చెట్ల శిలాజాలతో పాటు పాత వాతావరణం, పురాతన మానవుల సంగతులు కూడా అక్కడ చూస్తున్నారు. మన సభ్యులు కాశీ, అయోధ్య, నైమిశారణ్యం యాత్రకు వెళ్ళేటప్పుడు చాలామంది లక్నోలో రైలు మారతారు. సంస్థ యూనివర్సిటీ రోడ్డులో ఉంది, మ్యూజియం కూడా ఉంది. నెహ్రూగారు వేసిన శిలాజాల ఫలకం ఆవరణలోనే చూడవచ్చు. సాహ్నీగారి సమాధి కూడా అక్కడే.